గీత పడని బండి

ఆ ఇంటి వెనక గదికి వెనకవీధి రోడ్డు వైపు వెడల్పాటి తలుపు, రెండు కిటికీలు, సిమెంటు గచ్చు ఉన్నాయి. ఆసుపత్రి వార్డుల్లో మంచానికీ మంచానికీ మధ్య వేలాడే కర్టెన్ గుడ్డను అందులో మడత పెట్టకుండా పరిచి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపున కత్తిరించవచ్చు. ఇంటి కోడలికి ఆ సంగతి టేపు పెట్టి కొలవకుండానే తెలుసు. కర్టెన్లు కుట్టడం ఆమె వృత్తి. వీధిలో ఆమెను కర్టెన్లావిడ అనేవారు. అయినా ఆ గదిలో ఆమె కత్తెర ఒక్కసారి కూడా ఆడలేదు. గుడ్డను పడకగదిలో మంచం మీద పరిచేది. మిగిలిన గుడ్డ మంచం దిగి, గడప దాటి, నడవలోకి వచ్చేది. అత్తగారు స్నానానికి వెళ్లాలంటే ముందు కేకేసి, గుడ్డ చుట్టించి, అప్పుడు అడుగు వేసేది.

గదిలో మోటార్ సైకిలు ఉంది. సరిగ్గా చెప్పాలంటే, ఉండబోతోంది. ఏళ్ల తరబడి ఉండబోతూనే ఉంది.

దాన్ని తయారు చేస్తున్నది ఆమె భర్త. ఆయన నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. తన వయసు కంటే పాత ఇంజన్ ఒకటి పాత ఇనుము కొట్లో కనపడితే ఇంటికి తెచ్చుకున్నాడు. దానికి తగిన ఫ్రేము దొరకలేదు, తగనిది దొరికింది. పెట్రోలు ట్యాంకు ఇంకో బండిది. మడ్‌గార్డులకు రేకు తెచ్చి తనే వంచాడు, వంకర వచ్చిందని మళ్లీ వంచాడు. ఏ రెండు భాగాలకీ చుట్టరికం లేని ఆ బండిని ఆయన "నా సొంత డిజైను" అనేవాడు. "అతుకుల బొంత" అనేది ఆయన తల్లి.

వీధి ఆయనకు పాలిష్ అని పేరు పెట్టింది. చేతిలో గుడ్డ పేలిక లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. బోల్టుల తలలు రుద్దేవాడు. ఇంజన్ బిగించాక ఏ కంటికీ కనపడని ముక్కల్ని కూడా రుద్దేవాడు. రుద్దడం అయ్యాక ప్రైమరు, లప్పం, గరుకు కాగితం, రంగు, మళ్లీ గరుకు కాగితం, మళ్లీ రంగు, ఆపైన వార్నిష్. ఎండలో పెట్టి చూసి, దుమ్ము రేణువు అతుక్కుందని మొత్తం ఊడగొట్టి మళ్లీ మొదటికి వచ్చేవాడు. రుద్దే పేలికలు కర్టెన్లావిడ కత్తిరింపుల్లోంచి వచ్చేవి. వాటిలో ఆయన అడిగి తీసుకున్నవి తక్కువ.

గది గురించి ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. ఒకనాడు భోజనాల దగ్గర భార్య గట్టిగా అడిగితే ఆయన చెయ్యెత్తి మరీ మాటిచ్చాడు.

"బండి స్టార్టయి ఆ గుమ్మం దాటిన రోజున గది నీది. కావాలంటే అమ్మ సాక్షి."

"సాక్షి బతికుండగానే తేల్చరా," అంది తల్లి.

ఆ మాటలో మోసం ఎక్కడుందో కర్టెన్లావిడకు అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. బండి పూర్తయితే గది పోతుంది. గది పోతే ఆదివారాలు ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు. అందుకని బండి పూర్తి కాదు. సీటు తోలు నచ్చదు. నచ్చిన తోలు రంగుకి నప్పదు. రంగు మారిస్తే చక్రాల ఊచలు వెలవెలబోతాయి. రోజూ ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, గదిలోకి వెళ్లేముందు ఆయన ఒకే మాట అనేవాడు. "అయిపోవచ్చింది." ఆ మాటకు ఆమె తలెత్తడం ఎప్పుడో మానేసింది.

అలా ఇంకా ఎన్నాళ్లు సాగేదో తెలియదు. ఆసుపత్రి నుంచి ఒక కర్టెన్ తిరిగి వచ్చింది. తెల్ల గుడ్డ అంచున నల్లటి బొటనవేలి ముద్ర. కర్టెన్‌తో పాటు ఆసుపత్రి స్టోర్‌కీపర్ కూడా వచ్చాడు. నడవలో నిలబడి, చెప్పాల్సింది చెప్పాడు.

"అమ్మా, కుట్టు బాగుంది. కాదనను. కానీ మంచం మీద కుట్టిన కర్టెన్ని తీసుకెళ్లి రోగి పక్కన కట్టలేను. సోమవారం పొద్దున వస్తాను. పనికి విడిగా గది, పొడుగు బల్ల, శుభ్రమైన నేల చూపించండి. అన్ని వార్డుల పనీ మీకే ఇస్తాను. లేదంటే వేరేవాళ్లు అడుగుతున్నారు."

"చూపిస్తానండీ," అంది ఆమె.

ఆయన వెళ్లాక ఆమె ఆ ముద్రను భర్త బొటనవేలి పక్కన పెట్టి చూపించింది. పోల్చి చూడాల్సిన పని లేకపోయింది.

"పేలిక అనుకున్నా," అన్నాడు ఆయన.

"గుడ్డకు అంచు కుట్టి, కొక్కేలకు వరసగా కళ్లు వేసి ఉంటే పేలిక అనుకున్నారా?"

"సరేలే. ఈ ఆదివారం స్టార్ట్ చేసేస్తున్నా. మా క్లబ్బువాళ్లని కూడా రమ్మన్నా. సోమవారానికి గది ఖాళీ. సరేనా?"

ఆమె నమ్మలేదు. అయితే క్లబ్బువాళ్లని పిలిచాడు. నలుగురి ముందు పరువు పోగొట్టుకునే రకం కాదు. ఆ చిన్న ఆధారం పట్టుకుని ఆదివారం దాకా ఆగింది.

ఆదివారం టిఫిన్ల వేళ దాటాక క్లబ్బు వచ్చింది. పాతకాలం మోటార్ సైకిళ్ల క్లబ్బు. ఆ పూట వచ్చింది ఇద్దరు. ఒకాయన్ని కెప్టెన్ అంటారు. ఏ సైన్యంలోనూ పనిచెయ్యలేదు, ఏ ఓడా ఎక్కలేదు. టోపీ పెట్టుకుంటాడు. ఆయన ఇంట్లో ముసుగులేసిన పాత బండ్లు వరసగా ఉన్నాయి. ఆయన మాత్రం కారులో దిగాడు. రెండో ఆయన పళ్ల డాక్టరు. భార్య స్కూటర్ మీద వచ్చాడు. ఇద్దరూ తోలు కోట్లు వేసుకున్నారు. ఉక్కపోతకు ఇద్దరి మెడలూ తడిసి ఉన్నాయి.

పాలిష్ దుప్పటి తీశాడు.

"అబ్బబ్బా," అన్నాడు కెప్టెన్. చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ తిరిగాడు. "తమ్ముడూ, ఆ ట్యాంకులో నా మొహం కనపడుతోంది."

"అందుకే దాన్ని కొంచెం మసక చెయ్యరా అంటున్నా," అంది కిటికీ అవతల నుంచి అత్తగారు. ఆవిడ వంటింటి మెట్టు మీద కూర్చుని చిక్కుడు కాయలు ఒలుస్తోంది.

పళ్ల డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని ఇంజన్ కింద తల పెట్టి చూశాడు. "ఒక్క తీగ కనపడదేం గురూ?"

"అన్నీ గొట్టాల లోపల్నుంచి లాగాను," అన్నాడు పాలిష్. "తీగ కనపడితే అది బండి కాదు, ఇస్త్రీ పెట్టె."

కాసేపు ముగ్గురూ ఒకళ్లనొకళ్లు మెచ్చుకున్నారు. తర్వాత ఇక తప్పించుకునే దారి లేక పాలిష్ కిక్కు కొట్టాడు. ఇంజన్ తుమ్మలేదు, దగ్గలేదు. మళ్లీ కొట్టాడు. కోటు విప్పి కెప్టెన్ కొట్టాడు. మోకాలు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. పళ్ల డాక్టరు తనది రోజూ నిలబడి చేసే ఉద్యోగమనీ, నడుము కాపాడుకోవాలనీ చెప్పి పక్కకు తప్పుకున్నాడు.

"పెట్రోలు పోశావురా?" అని కిటికీలోంచి ప్రశ్న వచ్చింది.

"పోశానమ్మా!"

"అడిగానంతే. పాలిష్ పోశావేమోనని."

పాలిష్ ప్లగ్గు విప్పి ఇంజన్ మీద పెట్టి కిక్కు కొట్టి చూశాడు. మెరుపు లేదు. బ్యాటరీ దగ్గర్నుంచి చిన్న బల్బు పట్టుకుని వరసగా తడుముకుంటూ వచ్చాడు. ఫ్రేముకు ఆనిస్తే బల్బు వెలిగింది. ఇంజన్‌కు ఆనిస్తే ఆరింది. మళ్లీ ఫ్రేము, వెలుగు. మళ్లీ ఇంజన్, చీకటి. అప్పుడు ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇంజన్‌కి ఎర్త్ అందట్లేదు తమ్ముడూ," అన్నాడు కెప్టెన్. "వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లాలిగా. ఫ్రేముకీ ఇంజన్‌కీ మధ్య ఇనుమూ ఇనుమూ ముట్టుకోవాలి. ఎక్కడా ముట్టుకోవట్లేదు. అదెలా కుదురుతుంది? బోల్టులు బిగించావుగా?"

పాలిష్ పేలికతో వేళ్లు తుడుచుకున్నాడు.

"బిగిస్తుంటే పెయింటు పగులుతుందేమోనని, ప్రతి బోల్టు కిందా ప్లాస్టిక్ వాషర్ వేశాను."

"అయితేనేం, బోల్టు ఇనుమేగా?"

"బోల్టులకి కూడా వార్నిష్ వేశాను."

టీ కప్పుల పళ్లెంతో తలుపు దగ్గరికి వచ్చిన కర్టెన్లావిడ అక్కడే నిలబడిపోయింది. ఎవరో ఒకరు నవ్వుతారని, నవ్వి తిడతారని, తిట్టి బాగుచేస్తారని ఆమె ఎదురుచూసింది.

"ఎంత ముందుచూపు గురూ!" అన్నాడు పళ్ల డాక్టరు. అతని గొంతులో వెటకారం లేదు. "ప్లాస్టిక్ వాషర్! నాకు తట్టనే లేదు."

"ఇంత శ్రద్ధ నేనెక్కడా చూళ్లేదు," అన్నాడు కెప్టెన్.

పాలిష్ కొంచెం తేరుకున్నాడు. కెప్టెన్ వేలితో చూపిస్తూ పరిష్కారం చెప్పాడు. ఇంజన్ కింద ముందువైపు బోల్టు విప్పాలి. వాషర్ తీసెయ్యాలి. చిన్న బిళ్లంత మేర పెయింటు గీకి, ఇనుప వాషర్ వేసి బిగిస్తే చాలు. ఆ చోటు కనపడాలంటే నేల మీద పడుకుని చూడాలి.

"కనపడదు. కానీ నాకు తెలుస్తుందిగా," అన్నాడు పాలిష్.

"నిజమే," అన్నాడు డాక్టరు. "తెలిసిపోతుంది."

"పోనీ, బ్యాటరీ నుంచి ఇంజన్‌కి ఒక తీగ..." అని మొదలుపెట్టి కెప్టెన్ తనే నాలుక కరుచుకున్నాడు. ముగ్గురూ బండి వైపు చూశారు, ఎవరికో జబ్బు చేసినట్టు. తర్వాత కెప్టెన్ టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు.

"నన్నడిగితే, తమ్ముడూ, కొన్ని బండ్లు తిరగడానికి పుట్టవు. దీన్ని రోడ్డెక్కించడం పాపం. ఇక్కడే ఉంచు. ఈ తలుపు తీసేసి గాజు తలుపు పెట్టించు. పైనుంచి లైట్లు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తారు."

"అద్భుతం," అన్నాడు డాక్టరు.

పాలిష్ మొహం విచ్చుకుంది. వాన వల్ల బడి లేదని తెలిసిన పిల్లవాడి మొహం అది. కర్టెన్లావిడ ఆ మొహాన్ని చూసింది. బండి కదలనందుకు అందులో చింత లేదు. ఇక ఎప్పటికీ కదలక్కర్లేదన్న నిశ్చింత ఉంది.

"రేపు స్టోర్‌కీపర్ వస్తాడు," అంది ఆమె.

"వచ్చే వారం రమ్మను."

"ఆయన నాకు మేనమామా, రమ్మన్నప్పుడల్లా రావడానికి?"

"చూడూ, నేను స్టార్టయితే అన్నాను. స్టార్టవలేదుగా. నా మాట నేను తప్పానా?"

"తప్పలేదు చెల్లెమ్మా," అని కెప్టెన్ సాక్ష్యం పలికాడు. "సాంకేతికంగా చూస్తే తప్పలేదు."

"మీ ఇంట్లో కూడా సాంకేతికంగానే తింటారా అన్నయ్యగారూ?" అంది ఆమె.

చేతిలో పళ్లెం బరువుగా ఉంది. ఎక్కడ పెట్టాలా అని చూసింది. పనిబల్ల నిండా డబ్బాలు, సీసాలు. ఎదురుగా వెడల్పుగా, నున్నగా పెట్రోలు ట్యాంకు. ఆమె అటు ఒక అడుగు వేసింది. ముగ్గురు మగవాళ్లూ ఒక్కసారే "వద్దొద్దు!" అని చేతులు చాచారు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఆమె ఎన్ని బరువులు మోసినా ఇన్ని చేతులు ఎప్పుడూ సాయానికి లేవలేదు. పళ్లెం నేల మీద పెట్టింది. గోడకు తగిలించిన పానాల్లో ఒకటి తీసుకుంది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్? ముట్టుకోకు. చేతి చెమట అంటుకుంటే మరక పోదు."

"ముందువైపు బోల్టు అన్నారుగా?"

కెప్టెన్ చూపు బోల్టు మీదికి పోయింది. ఆమె నేల మీద కూర్చుంది. కుట్టుమిషన్‌కు మరమ్మతు వస్తే తనే విప్పుకుని తనే బిగించుకునే మనిషి. పానా సైజు రెండోసారికి కుదిరింది. బోల్టు తిరిగింది. వార్నిష్ చిట్లి పొరలుగా రాలింది.

"అమ్మా! నువ్వైనా చెప్పవే!" అన్నాడు పాలిష్ కిటికీ వైపు తిరిగి.

"చెబుతున్నా. ఒసేయ్ అమ్మాయ్, ఆ బోల్టుకి కూడా కాస్త గీకు. దానికి కూడా పూశానన్నాడుగా."

ప్లాస్టిక్ వాషర్ బయటికి వచ్చింది. కర్టెన్లావిడ పనిబల్ల మీద నుంచి ఆకురాయి అందుకుని, ఫ్రేము మీద ఆనించి, ఒక్కసారి భర్త వైపు చూసింది.

"మీరు గీకుతారా? నేను గీకనా?"

ఆయన గోడ వైపు తిరిగిపోయాడు. ఆకురాయి కిర్రుమంది. రోజూ ఊళ్లోవాళ్ల పళ్లు తొలిచే డాక్టరు రెండు చెవులూ మూసుకున్నాడు. రంగు లేచింది, దాని కింద ఇంకో రంగు లేచింది, లప్పం లేచింది, ప్రైమరు లేచింది. ఎంత గీకినా అడుగు తగల్లేదు. చివరికి ఇనుము మెరిసింది. బోల్టు మరల మీదా, తల కిందా కూడా రుద్ది, డబ్బాలో ఇనుప వాషర్ వెతికి వేసి, బిగించింది. ప్లగ్గు దాని చోట పెట్టింది.

"ఇప్పుడు కొట్టండి."

"నేను కొట్టను," అన్నాడు పాలిష్ గోడతో.

కెప్టెన్ మోకాలు నిమురుకున్నాడు. డాక్టరు నడుము పట్టుకున్నాడు.

కిక్కు ఎలా కొట్టాలో ఆమెకు తెలుసు. ఎప్పుడూ కొట్టలేదు, కానీ ఏళ్లుగా కంచం ముందు కూర్చుని విన్న పాఠం అది. ముందు మెల్లగా నొక్కాలి. లోపల గట్టిగా తగిలే చోట ఆగాలి. అక్కడి నుంచి ఒక్క తోపు. ఆయన చెప్పడం వరకు బాగా చెబుతాడు. ఆమె మొదటిసారి కొడితే కిక్కు రాడ్డు ఎదురుతన్ని మడమ మీద తగిలింది. రెండోసారి ఇంజన్ ఒక దగ్గు దగ్గింది. మూడోసారి అందుకుంది.

గది అదిరింది. డబ్బాలు బల్ల మీద నడవసాగాయి. గంభీరంగా, ఒక్కొక్క దెబ్బా విడివిడిగా వినపడేలా కొట్టుకుంటోంది ఇంజన్. పాలిష్ గోడ నుంచి తిరిగాడు. ఒక్క క్షణం ఆయన చేతిలో పేలిక కదల్లేదు. ఆ చప్పుడు బాగుందని కర్టెన్లావిడకు కూడా అనిపించింది. ఆ సంగతి తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆపైన పొగ వచ్చింది. ఆయన ఇంజన్ లోపల కూడా దండిగా నూనె పట్టించి ఉంచాడు. ఇన్నేళ్ల నూనె కాలుతూ, సైలెన్సర్లోంచి నల్లగా, దట్టంగా, గది నిండా. కెప్టెన్ టోపీ ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. మోకాలు ఏమీ అడ్డం రాలేదు.

"మసి!" అని అరిచాడు పాలిష్. "ట్యాంకు మీద మసి పడుతోంది! వార్నిష్ పోతుంది!"

"అయితే బయటికి తీసుకుపోండి," అంది ఆమె తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి.

ఆయన ఇంకేమీ ఆలోచించలేదు. హ్యాండిలు పట్టుకుని, స్టాండు తన్ని, పసిబిడ్డను నిప్పులోంచి తప్పించినట్టు బండిని తోసుకుంటూ పరుగెత్తాడు. ముందు చక్రం గుమ్మం దిగింది. వెనక చక్రం దిగింది. కొట్టుకుంటున్న ఇంజన్‌తో బండి రోడ్డు పక్కన నిలబడింది.

కిటికీలోంచి అత్తగారి తల లోపలికి వచ్చింది.

"స్టార్టయింది. గుమ్మం దాటింది. నేను చూశాను. నేను ఇంకా బతికే ఉన్నాను."

అప్పుడు గానీ పాలిష్‌కు తనేం చేశాడో తెలియలేదు. గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో భార్య చీపురుతో నిలబడి ఉంది.

క్లబ్బు టీ తాగకుండానే వెళ్లిపోయింది. సాయంత్రందాకా కర్టెన్లావిడ నేల కడిగింది, గోడలు తుడిచింది. డబ్బాలూ సీసాలూ పెరట్లో రేకుల కిందికి చేర్చింది. పనిబల్లకు భోజనాల బల్ల జోడించి, పైన దళసరి గుడ్డ లాగి మేకులు కొట్టింది. పాలిష్ ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. బండి పక్కన రోడ్డు మీద పడుకుని, కింది నుంచి ఆ గీకిన చోటు చూసుకుంటున్నాడు. ఆయన్ని ఎవరైనా గుద్దేశారేమోనని దారిన పోయేవాళ్లు ఆగి అడిగి వెళ్లారు.

సోమవారం పొద్దున స్టోర్‌కీపర్ వచ్చాడు. బల్ల మీద వేలు రాసి చూసుకున్నాడు. వంగి బల్ల కింద చూశాడు. కిటికీలు తెరిచి మూశాడు.

"నూనె వాసన కొంచెం ఉందమ్మా."

"పోతుందండీ. దాని మూలం నిన్ననే బయటికి పోయింది."

ఆయన తల ఊపి, ముందుగా పిల్లల వార్డు కర్టెన్లతో మొదలుపెట్టమన్నాడు. వెళ్తూ వెళ్తూ రోడ్డు పక్కన బండిని చూశాడు. దాని దగ్గర ఒక మనిషి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు బండికి పట్టాడు, తను ఎండలో ఉన్నాడు.

కర్టెన్లావిడ మొదటి తాను విప్పి పరిచింది. గుడ్డ బల్ల ఆ చివరిదాకా వెళ్లి ఆగింది. కత్తెర పెట్టబోతుండగా గుమ్మంలో నీడ పడింది. పాలిష్ ఆఫీసుకు వెళ్లలేదు. గుమ్మం బయటే ఆగాడు.

"ఏమోయ్."

"చెప్పండి."

"దుమ్ము పడుతోంది. పిట్టలు కూడా... దానికో ముసుగు కుట్టిపెట్టవూ? మెత్తటి గుడ్డతో. లోపలివైపు కుట్టు తగలకుండా."

ఆమె టేపు మెడలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కొలతలు రాసిచ్చి వెళ్లండి. ముందు పిల్లల వార్డు, తర్వాత ఆడవాళ్ల వార్డు, ఆ తర్వాత ఆపరేషన్ల వార్డు. అవన్నీ అయ్యాక చూద్దాం. అయిపోవచ్చినప్పుడు నేనే చెబుతా."

కత్తెర గుడ్డలోకి దిగింది.